ఎకరానికి ఎన్ని బస్తాల నమ్మకం

అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015 నుంచి నెలనెలా ఒక పని చేస్తున్నారు. నాలుగువందలమంది రైతులకు ఫోను చేసి, పోయినేటితో పోలిస్తే మీ పరిస్థితి ఎలా ఉంది, వచ్చే ఏడు ఎలా ఉంటుందనుకుంటున్నారు, యంత్రాల్లాంటి పెద్ద ఖర్చు పెట్టడానికి ఇది మంచి సమయమేనా అని అడుగుతారు. జవాబులన్నీ కలిపి ఒక అంకెగా మారుస్తారు. అంకె పెరిగితే రైతుకు ధైర్యం ఉన్నట్టు, తగ్గితే దిగులు పట్టుకున్నట్టు.

కృష్ణా డెల్టాలో ఎవరూ అలాంటి ఫోను చెయ్యరు. చేసినా మనవాళ్ళు ఉన్నమాట చెబుతారని నాకు నమ్మకం లేదు. బాగా పండిన ఏడు కూడా "ఏముందండీ, పెట్టుబడులు వస్తే చాలు" అనే అంటారు. పంట బాగుందని పైకి అంటే దిష్టి. అయితే మన దగ్గరా ఒక కొలత ఉంది. పర్డ్యూ వారి అంకె కన్నా చాలా పాతది. ఎవర్నీ ఏమీ అడగకుండానే జవాబు చెబుతుంది. అది కౌలు.

ఎండాకాలం. మినుము తీసేసిన చేను నెర్రెలిచ్చి ఉంటుంది. కాలువలు కట్టేసి ఉంటారు. శ్రీశైలంలో నీళ్ళు ఏ మట్టానికి వస్తాయో దేవుడికే తెలియాలి, ఋతుపవనం ఇంకా కేరళని కూడా తాకలేదు. సరిగ్గా అప్పుడే ఏ అరుగు మీదో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటారు.

"ఈ ఏడు రెండు బస్తాలు కలపాలి అబ్బాయ్. పక్క చేనువాళ్ళు ఇరవై రెండు ఇస్తామంటున్నారు."

"పోయినేడు తుఫానుకి పోయిందిగా బాబాయ్, మీకు తెలీందేముంది."

"తెలుసులే. తుఫాను ప్రతేడూ వస్తదా?"

కాసేపు అటూ ఇటూ లాగి ఏదో ఒక అంకె దగ్గర ఆగుతారు. కాగితం ఉండదు. బాబాయ్ అన్న పిలుపే దస్తావేజు. బస్తాల లెక్క ఒప్పుకున్నాక నీళ్ళు ఎప్పుడొచ్చినా, గింజ పొలంలోనే మొలకెత్తినా అది కొలిచి ఇవ్వాల్సిందే. అంటే రాబోయే ఏడు మీద తనకెంత నమ్మకం ఉందో ఆ రోజు కౌలు రైతు బస్తాల్లో పలికాడన్నమాట. ఊళ్ళో పాతిక ముప్ఫై అరుగుల మీద ఇలా పలికిన అంకెలన్నీ కలిస్తే ఆ ఊరి నమ్మకం ఎంతో తేలుతుంది. పర్డ్యూ అంకెకీ దీనికీ ఒక తేడా ఉంది. అక్కడ తప్పు చెప్పినవాడికి పోయేదేమీ లేదు. ఇక్కడ పలికినవాడే కట్టాలి.

పంటలో ఎవరి పాలు ఎంత అనే లెక్క మన జిల్లాల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. కానీ పండినా పండకపోయినా ఇంత అనే లెక్క నిలబడాలంటే, పండుతుందనే ధీమా ముందు ఉండాలి. ఆ ధీమా ఈ నేలకి ఎప్పుడూ ఉన్నది కాదు.

బందరు దారిలో బస్సు కిటికీలోంచి పచ్చదనం చూసేవాళ్ళకి ఈ భూమి పుట్టినప్పటినుంచీ ఇలాగే ఉందనిపిస్తుంది. ఆనకట్టకు ముందు డెల్టాలో నది పక్కనే పారుతూ ఉన్నా నీళ్ళు చేలకి ఎక్కేవి కావు. వరద వచ్చినప్పుడు అవే వచ్చి ముంచేవి, మిగతా రోజుల్లో కిందనే పోయేవి. చెరువు కింద కాస్త వరి, మిగతాదంతా వాన దయ. 1832లో, నందన నామ సంవత్సరంలో, వాన మొహం చాటేసింది. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభా ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షలమంది దాకా పోయారని లెక్క. డొక్కల కరువని జనం దానికి పేరు పెట్టుకున్నారు. కరువు పోయాక కూడా చాలా ఏళ్ళు పొలాలు బీళ్ళుగానే ఉండిపోయాయి. దున్నేవాళ్ళు చచ్చిపోయారు, మిగిలినవాళ్ళు వలస పోయారు. కంపెనీవాళ్ళకి శిస్తు రాబడి పడిపోయింది. రైతుకు ధైర్యం లేకపోతే ఖజానాకు ఏమవుతుందో తెల్లవాళ్ళకి ఆ పదేళ్ళలో తెలిసొచ్చింది.

బెజవాడ దగ్గర కృష్ణ రెండు కొండల మధ్య ఇరుకై పారుతుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. అక్కడ అడ్డుకట్ట వేయవచ్చని ఇంజనీర్లు చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నారు. కెప్టెన్ బకిల్ చూశాడు, కెప్టెన్ లేక్ చూశాడు. గోదావరి మీద ధవళేశ్వరం పని సాగుతుండగా ఆర్థర్ కాటన్ దీని కోసం కూడా పట్టుబట్టాడు. 1852లో మొదలై 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించినవాడు చార్లెస్ ఆర్. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకి ఊరూరా విగ్రహం ఉంది, తర్పణాలు విడిచేవాళ్ళూ ఉన్నారు. బెజవాడలో ఆర్ పేరు చెబితే తెలిసినవాళ్ళు ఎందరుంటారో అనుమానమే. ఈ విషయంలో మనవాళ్ళకి గోదావరివాళ్ళంత విశ్వాసం లేదని ఒప్పుకోవాలి.

కాటన్ మీద మనకి భక్తి ఎంత ఉన్నా ఒకటి గుర్తుంచుకోవాలి. కంపెనీని ఒప్పించడానికి ఆయన వాడిన ముఖ్యమైన వాదం కరుణ కాదు, రాబడి. ఇంత పెట్టండి, ఇంత శిస్తు వస్తుంది, పడవల మీద ఇంత సుంకం వస్తుంది అని లెక్కలు వేసి చూపించాడు. కొమ్మమూరు కాలువ, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వీటిలో నీళ్ళతోపాటు పడవలూ నడిచాయి. రైతుకి ధైర్యం కలగక ముందే ఆ ధైర్యం మీద వచ్చే ఆదాయానికి అంచనా తయారై ఉందన్నమాట.

ఆ ఆనకట్ట నీటిని దాచేది కాదు. రాతికట్టతో మట్టం లేపి కాలువలకి మళ్ళించేది, అంతే. నదిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇప్పటి ప్రకాశం బ్యారేజి కూడా నిలవ ఉంచుకునేది 3 టీఎంసీల చిల్లరే. కింద ఆయకట్టు 13 లక్షల ఎకరాలకు పైగా. ఇంత పెద్ద ఆయకట్టు ఎప్పుడూ పైనుంచి వచ్చే నీటి మీదే బతికింది. మొదటి వందేళ్ళలో ఇది పెద్ద లోటుగా కనిపించలేదు. పైన ఆపేవాడు లేడు కాబట్టి.

పైనుంచి నీళ్ళు సరే, కిందనుంచి కూడా నీళ్ళొస్తాయని తొమ్మిదేళ్ళకే తెలిసింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన తుఫానులో సముద్రం మైళ్ళకొద్దీ లోపలికొచ్చింది. సుమారు 30 వేలమంది పోయారు. చేలల్లో ఉప్పు మిగిలింది. అప్పటినుంచీ డెల్టాలో రెండు రకాల రైతులున్నారు. కాలువ తల దగ్గర ఉన్నవాడు, శివారువాడు. పెనమలూరు, ఉయ్యూరు రైతుకి నీళ్ళు ముందొస్తాయి, ముంపు తర్వాతెప్పుడో. నాగాయలంక, కృత్తివెన్ను, నిజాంపట్నం వైపు రైతుకి నీళ్ళు ఆఖర్న వస్తాయి, సముద్రం మాత్రం ముందే వస్తుంది. ఇద్దరూ డెల్టా రైతులే. ఇద్దరికీ ఒకే నమ్మకం ఉంటుందనుకోవడం విజయవాడలో కూర్చున్నవాళ్ళకే చెల్లుతుంది.

కాలువ నీళ్ళు ఖాయమయ్యాక కౌలు స్వభావమే మారింది. నా ఉద్దేశంలో డెల్టా చరిత్రలో ఆనకట్ట తర్వాత అంత పెద్ద మార్పు ఇదే. దీని గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

మెట్ట ప్రాంతంలో, నీళ్ళు నమ్మకం లేని చోట, కోరు పద్ధతి సహజం. పండినదాంట్లో ఆసామికి ఇంత పాలు, చేసినవాడికి ఇంత పాలు. సంగోరంటే చెరిసగం. పండకపోతే ఇద్దరూ నష్టపోతారు. కాబట్టి పొలం గలాయన గట్టు మీదకి వచ్చి చూసుకుంటాడు, విత్తనాలకి సర్దుతాడు, కుప్ప నూర్చేటప్పుడు దగ్గరుంటాడు. నీళ్ళు ఖాయంగా వచ్చే చోట ఆయనకి ఈ తాపత్రయం అక్కర్లేదు. పండుతుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఎంత పండినా నాకు ఇన్ని బస్తాలు ఇచ్చెయ్ అంటాడు. దీన్నే మక్తా అన్నారు. చేసేవాడికి కూడా మొదట్లో ఇది బాగానే ఉంటుంది. కష్టపడి రెండు బస్తాలు ఎక్కువ పండిస్తే అవి తనవే.

అయితే ఈ ఒప్పందంతో పంట పోయే ప్రమాదం చడీచప్పుడూ లేకుండా ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదకి మారింది. నీళ్ళు తప్పవనే ధీమా ఉన్నంతకాలం అది ఎవరికీ బరువనిపించలేదు. తర్వాత నీళ్ళు తప్పే రోజులొచ్చాయి. మక్తా మాత్రం మళ్ళీ కోరుకి మారలేదు.

ఈ ధీమా మీదే చాలా కట్టడాలు లేచాయి. పండుతుందని తెలిసిన భూమిని తాకట్టు పెట్టుకోవడానికి ఎవరూ వెనకాడరు. ఊళ్ళలో పెద్ద రైతులే అప్పులిచ్చేవాళ్ళయ్యారు. బందరులో 1915లో జిల్లా సహకార బ్యాంకు వచ్చింది. 1923లో అదే బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ తర్వాత రెండేళ్ళకి ఆంధ్రా ఇన్సూరెన్స్. రేవు దెబ్బతిని, అద్దకం పని చితికిపోయిన పట్నంలో బ్యాంకు వెనక బ్యాంకు ఎలా పుట్టుకొచ్చిందంటే, చుట్టుపక్కల చేల మీద ఉన్న నమ్మకమే మూలధనం. (ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుస్తకం మీద పేరు మారిన రోజున మా పెద్దవాళ్ళు పడిన బాధ ఖాతాదారులు పడే బాధ కాదు, ఇంటిపేరు పోయినవాళ్ళ బాధ.)

నిడుబ్రోలు కుర్రాడొకడు ఆక్స్‌ఫర్డులో చదువుకుని వచ్చి 1926లో ఈ డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఊళ్ళ ఖర్చులు, కూలి రేట్లు, అప్పులు అన్నీ ఇంటింటా కనుక్కుని రాసిన పుస్తకం. ఆయనే ఎన్.జి. రంగా. తర్వాత ఆయన చేసిన రాజకీయాలతో ఏకీభవించేవాళ్ళూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు. కానీ అలా ఊరి లెక్క ఊళ్ళో కూర్చుని రాయడం ఆయనకి ముందు మన దగ్గర దాదాపు లేదు. పుస్తకం వచ్చిన మూడేళ్ళకి ఆ లెక్కలన్నీ తలకిందులయ్యాయి.

1929లో ప్రపంచమంతా ధరలు కూలడం మొదలైంది. నాలుగైదేళ్ళలో వడ్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. చవగ్గా వచ్చే రంగూను బియ్యం దానికి తోడు. సరిగ్గా అదే సమయంలో సర్కారు కృష్ణా గోదావరి జిల్లాల్లో శిస్తు రూపాయికి మూడణాల చొప్పున పెంచాలని తీర్మానించింది. వడ్లు పండుతూనే ఉన్నాయి. నీళ్ళు వస్తూనే ఉన్నాయి. నందన కరువులో పంట లేక చచ్చారు. ఇప్పుడు గాదె నిండా వడ్లు ఉండి శిస్తు కట్టలేకపోయారు. నీళ్ళుంటే చాలు అనుకున్న తరానికి ఇది కొత్త పాఠం. శిస్తు డబ్బులో కట్టాలి, వడ్డీ డబ్బులో కట్టాలి, చేతికొచ్చేవి మాత్రం బస్తాలు.

ఆ కోపంలోంచే రైతు సంఘాలు బలపడ్డాయి. 1928లో పుట్టిన ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం రీసెటిల్మెంటు మీద పోరాడింది. రంగా నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టాడు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. 1938లో రాజాజీ ప్రభుత్వం అప్పుల చట్టం తెచ్చింది. అసలుకి రెట్టింపు చెల్లించి ఉంటే అప్పు తీరినట్టేనని అందులో ఒక సూత్రం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డ సినిమా తీశాడు. జమీందార్ల మీద రైతు తిరగబడే కథ. దానికి పెట్టుబడి పెట్టిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు! ఇలాంటి తమాషాలు డెల్టాలోనే జరుగుతాయి.

ఆ ఉద్యమంలో రైతు అంటే ఎవరు? శిస్తు కట్టేవాడు, అంటే పట్టా ఉన్నవాడు. ధర పడిపోతే ఆయనకి కలిగిన నష్టం మద్రాసు దాకా వినిపించింది. అదే పొలంలో మక్తాకి చేసేవాడి గొంతు ఆ యాత్రలో ఎంత వినిపించిందో చెప్పడం కష్టం. 1942లో రంగూను జపాను చేతికి పోగానే బియ్యానికి కరువొచ్చింది, ధరలు ఎగిశాయి. యుద్ధం అయ్యాక, 1946లో, మద్రాసు ప్రభుత్వం కోసం నారాయణస్వామి నాయుడు రాసిన ఋణాల నివేదికలో ఒక విషయం తేలింది. యుద్ధకాలపు ధరలతో పెద్ద రైతుల అప్పులు తగ్గాయి. కౌలుదార్లవీ కూలీలవీ పెరిగాయి. ధర పడినప్పుడు రైతులందరూ ఒక్కటే అన్నాం. ధర లేచినప్పుడు ఒక్కటి కాదని తేలింది.

1952 వరదలకి పాత ఆనకట్టకి గండి పడింది. అంతవరకూ దాన్ని కొండలాగా ఎప్పుడూ ఉండేదనుకున్నవాళ్ళకి గుండె ఝల్లుమంది. 1954లో కొత్త బ్యారేజి మొదలుపెట్టి 1957కి పూర్తి చేశారు. ఆ ఏడు మే నెలలోనే పోయిన టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఈ మధ్యలో, 1955 డిసెంబరులో, నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967లో కాలువలకి నీళ్ళొదిలారు. పైన పెద్ద చెరువు ఉంటే కింద మనకి భయం ఉండదు అన్నవాళ్ళు కొందరు, పైన చెయ్యి పడింది, ఇక మన పని అయిపోయింది అన్నవాళ్ళు కొందరు. ఇద్దరి మాటా నిజమైంది, వేర్వేరు ఏళ్ళలో.

బచావత్ ట్రిబ్యునల్ లెక్కల్లో కృష్ణా డెల్టాకి 181.2 టీఎంసీలు రాశారు. ముందునుంచీ వాడుకుంటున్నవాళ్ళకి ముందు హక్కు అనే సూత్రం డెల్టాని కాపాడింది. కానీ టీఎంసీలు కాగితం మీద సంవత్సరానికి రాస్తారు. నారుమడికి నీళ్ళు జూన్‌లో కావాలి. అక్టోబరులో లెక్క సరిపోయిందంటే మురిసేది ఇంజనీరే.

ఇక్కడ ఒక చిత్రమైన ఉపకథ ఉంది. డెల్టాలో భూమి ధర పెరిగిపోయాక, అన్నదమ్ముల పంపకాల్లో చెక్కలు చిన్నవయ్యాక, ధైర్యం గలవాళ్ళు ఇక్కడ ఎకరం అమ్మి బయట పదెకరాలు కొనడం మొదలుపెట్టారు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక బోధన్, వర్ని వైపు వెళ్ళారు. తుంగభద్ర డ్యాము కట్టాక రాయచూరు జిల్లా సింధనూరు, గంగావతి వైపు వెళ్ళారు. అక్కడ వాళ్ళ ఊళ్ళని క్యాంపులంటారు. నల్లరేగడిలో వరి వేసి బాగుపడ్డారు. వ్యవసాయం మీద ఇంతకన్నా నమ్మకం ఉన్నవాళ్ళు ఉండరు. తుంగభద్ర కృష్ణలోనే కలుస్తుంది. అంటే అన్న ఎగువన తోడుకున్నాక మిగిలింది తమ్ముడికి దిగువన వస్తుంది. కర్ణాటకవాళ్ళు మన నీళ్ళు తాగేస్తున్నారని ఇక్కడ ధర్నా చేసిన ఇళ్ళలో సింధనూరు చుట్టాలు లేని ఇల్లు వెతకాలి.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేముంది. దివిసీమలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేలమంది. తేదీ మాత్రం చూడండి. బందరు తుఫాను నవంబరు 1. దివిసీమ ఉప్పెన నవంబరు 19. 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. కాలువకి నీళ్ళు ఆలస్యమైతే ఊడ్పులు ఆలస్యం, ఊడ్పులు ఆలస్యమైతే కోతలు నవంబరు ఆఖరుకి పోతాయి. సరిగ్గా తుఫాను నోట్లోకి. చేను మీద ఉంటే పడిపోతుంది, కోసి పనల మీద ఉంటే తడిసి మొలకెత్తుతుంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపినప్పుడు దాని మీద రాజకీయంగా ఎన్ని మాటలైనా అనుకున్నాం. కానీ రైతుకి పనికొచ్చింది ఆ నీళ్ళు ఎన్ని అన్నది కాదు, ఎప్పుడు అన్నది. 2002, 2003లలో పైనుంచి నీళ్ళు రాక నారు ముదిరిపోతుంటే లాకుల దగ్గర రాత్రుళ్ళు కాపలా కాసినవాళ్ళకి జూన్ నీటి విలువ తెలుసు.

ఈలోగా అరుగు మీద కూర్చునే ఇద్దరూ మారిపోయారు. స్వర్ణ వచ్చింది, 1986లో బాపట్ల నుంచి 5204 సాంబ మసూరి వచ్చింది, ఎకరానికి బస్తాలు పెరిగాయి. ఆ మిగులుతో పిల్లల్ని చదివించారు. చదివిన పిల్లలు విజయవాడ, హైదరాబాదు, డల్లాస్ వెళ్ళారు. పొలం అమ్మరు. అమ్మితే మళ్ళీ కొనలేమని భయం, రేటు పెరుగుతుందని ఆశ. 2015లో రాజధాని కోసం 29 ఊళ్ళలో భూసమీకరణ జరిగినప్పుడు ఏడాదికి మెట్ట ఎకరానికి 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏటా పదిశాతం పెంపు అని ప్రభుత్వం కౌలు ప్రకటించింది. దాన్ని కూడా కౌలనే పిలిచారు, గమనించారా? భూమి లేని కుటుంబానికి నెలకి 2,500 పింఛను. ఎవరి నమ్మకం విలువ ఎంతో అంత స్పష్టంగా కాగితం మీద ఎప్పుడూ రాలేదు.

పొలం గలవాళ్ళు ఊరు వదిలాక చేసేవాళ్ళెవరు? పాలేర్లుగా ఉన్నవాళ్ళ కొడుకులు, సెంటు భూమి లేనివాళ్ళు, రెండెకరాలుండి ఇంకో ఐదు కలుపుకుంటే తప్ప ట్రాక్టరు గిట్టని చిన్న రైతులు. వాళ్ళకి చట్టం లేదా అంటే ఉంది. 1956 కౌలుదారీ చట్టానికి 1974లో చేసిన సవరణ ప్రకారం కాలువ కింద పొలానికి కౌలు పంటలో 30 శాతం మించకూడదు. ఉదాహరణకి ఎకరానికి 30 బస్తాలు పండాయనుకుందాం. చట్టం చెప్పే కౌలు 9 బస్తాలు. అరుగు మీద 18కి తెగిందనుకుందాం. 2025-26 మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి 1,777. మిగిలిన 12 బస్తాల మీద వచ్చేది 21 వేల చిల్లర. దమ్ము, ఊడ్పు, ఎరువు, మందు, కోత అన్నీ అందులోంచే. సరిపోదు. అందుకే వరి ఆసామిది, మినుము మనది అనుకుంటారు కౌలు రైతులు. కోతకి రెండు రోజుల ముందు వరిలో చల్లిన మినుములు మంచుకి పెరిగి కాస్తే ఆ ఏడు గట్టెక్కినట్టు. పల్లాకు తెగులొస్తే లేదు.

1956 చట్టానికి భయపడి రాతకోతలు మానేశారు, అంతే జరిగింది. 2011లో ఇంకో చట్టం, 2019లో మరోటి. 2019 దాని ప్రకారం పదకొండు నెలల సాగుదారు కార్డుకి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే ఎక్కడ హక్కు అడుగుతాడోనని ఈయనకి భయం, అడిగితే ఎక్కడ చేను తీసేస్తాడోనని ఆయనకి భయం. పంటరుణం పట్టా ఉన్న ఆయన పేరున, బంగారం తాకట్టు మీద వెళ్తుంది. చేసేవాడు ఎరువుల కొట్లో ఖాతా రాయించుకుంటాడు. మిచాంగ్‌కి చేను పోయినప్పుడు పరిహారం ఎవరి ఖాతాలో పడాలన్న గొడవ అందుకే. 2019 నాటి జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటున 2,45,554 రూపాయలు. దేశంలో ఇదే అన్నిటికన్నా పెద్ద సగటు. 2020లో ఊరూరా పెట్టిన కేంద్రాలకి రైతు భరోసా అని పేరు పెట్టారు, 2024లో రైతు సేవా అని మార్చారు. బోర్డులు మార్చడం తేలికే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు, బ్యారేజి మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. కట్టిన దగ్గర్నుంచీ అంత నీరు రాలేదు. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకుంటే రాష్ట్రమంతా టీవీలకి అతుక్కుపోయింది. ఆ ఏడు నీళ్ళకి లోటు లేదు. లంకల్లో పసుపు, కంద, అరటి వేసినవాళ్ళకి మిగిలింది లేదు. వాళ్ళలో చాలామంది కౌలు ముందే డబ్బు రూపంలో కట్టేసినవాళ్ళు. కోరులో పంట పోతే ఇద్దరికీ పోయేది. బస్తాల మక్తాలో ధర పడితే ఆసామికీ కాస్త తగిలేది, ఆయన చేతికొచ్చేవీ బస్తాలే కాబట్టి. ముందుగా డబ్బు కట్టించుకునే పద్ధతిలో ఆయనకి ఏదీ తగలదు. కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులకి లీజు ఇంతే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసిన రోజున రొయ్య ధర పడింది, చెరువు లీజు పడలేదు. అది అప్పటికే కట్టేశారు.

ఇవన్నీ జరిగిన తర్వాత కౌళ్ళు తగ్గి ఉండాలి కదా. కొన్ని శివారు ఊళ్ళలో తగ్గాయి, అక్కడక్కడా చేలు బీడు పడ్డాయి. తల దగ్గర ఊళ్ళలో తగ్గలేదు. అంకెని చూసి డెల్టా రైతుకి ధైర్యం చెక్కుచెదరలేదని ఎవరైనా రాస్తే రాయొచ్చు. మా ఊళ్ళో మాకు దూరపు చుట్టమయ్యే ఒకతను పదకొండెకరాలు కౌలుకి చేస్తాడు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు ఎంతకి ఒప్పుకున్నావని అడిగాను. ఇరవై రెండు అన్నాడు.

"పోయినేడు నష్టమొచ్చిందన్నావుగా. ఎందుకు ఒప్పుకున్నావు?"

"కాదంటే ఇంకొకళ్ళు చేస్తారు బాబాయ్. చేను లేకపోతే కొట్లో ఖాతా ఇవ్వరు. ఖాతా ఇవ్వకపోతే పాత బాకీ ఇప్పుడే కట్టమంటారు."

ఆసామికి ఫోన్లోనే మాట చెప్పేశాడట. ఆయన హ్యూస్టన్‌లో ఉంటాడు. కాసేపు ఆగి నా చేతిలో ఫోను చూసి, "సాగర్‌లో నీళ్ళు ఎంతున్నాయో అందులో చూసి చెప్తావా?" అని అడిగాడు.